సోవియట్ లెన్సులతో సినిమా సెట్: పని డైరీ

జనవరి, రెండో వారం

బల్ల మీద ఐదు లెన్సులున్నాయి. మిర్-1బి 37 మి.మీ. ఎఫ్/2.8, హీలియోస్ 44-2 (58 మి.మీ. ఎఫ్/2), జూపిటర్-9 85 మి.మీ. ఎఫ్/2, జూపిటర్-37ఎ 135 మి.మీ. ఎఫ్/3.5. ఈ నాలుగూ సోవియట్ సరుకు, మర తిప్పి బిగించే ఎం42 మౌంట్ (లెన్స్ కెమెరాకి అతుక్కునే చోటు). ఐదోది నికార్ 24 మి.మీ. ఎఫ్/2.8, నికాన్ ఎఫ్ మౌంట్. మి.మీ. అంకె ఫోకల్ లెంగ్త్, అది తగ్గేకొద్దీ ఫ్రేమ్‌లో ఎక్కువ పడుతుంది; ఎఫ్ అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ వస్తుంది. కెమెరా బ్లాక్‌మ్యాజిక్ పాకెట్ సినిమా 6కె, 2019లో వచ్చిన మొదటి రకం, ఈఎఫ్ మౌంట్‌ది.

ఎండాకాలం అయ్యాక ఒక చిన్న సినిమా తీయాలి. సినీ ప్రైమ్ (జూమ్ లేని సినిమా) లెన్సుల సెట్ అద్దెకు తెస్తే ఇక భోజనాల ఖర్చుకి చేతులెత్తేయాల్సిందే, అంత బడ్జెట్ మాది. హీలియోస్ నా దగ్గర ముందు నుంచే ఉంది. తెనాలిలో స్టూడియో మూసేసిన ఒక పెద్దాయన తన జెనిట్-ఇ కెమెరాతో కలిపి ఇచ్చేశారు. సీరియల్ నంబర్ 78తో మొదలవుతుంది కాబట్టి 1978ది అనుకోవచ్చు, ఈ లెన్సుల మీద మొదటి రెండంకెలు మామూలుగా తయారైన సంవత్సరమే. మిగతావి ఒక్కోటీ ఒక్కో చోట దొరికాయి.

లుక్ గురించి ఈ డైరీలో తక్కువే ఉంటుంది, ముందే చెప్పేస్తున్నా. పాత లెన్స్ అనగానే అందరూ దాని మెత్తదనం, ఫ్లేర్, గుండ్రంగా తిరిగే బోకే (ఫోకస్‌లో లేని నేపథ్యం మసక) గురించే మాట్లాడతారు. అవన్నీ గాజులో ఉన్నాయి, వాటికోసం మనం చేయాల్సిందేమీ లేదు. పనంతా గాజు చుట్టూ ఉన్న లోహంతోనే. సెట్‌లో లెన్స్ మార్చినప్పుడు ఫోకస్ రింగుని తిప్పే మోటారు జరగకూడదు, మ్యాట్ బాక్స్ (లెన్స్ ముందు పక్క వెలుగుని ఆపే పెట్టె) జరగకూడదు, ఫోకస్ పుల్లర్ (షాట్ నడుస్తుండగా ఫోకస్ తిప్పే మనిషి) ఎనిమిది అడుగులు అనుకుని తిప్పితే ఎనిమిది అడుగుల దగ్గరే ఆగాలి. ఈ మూడూ కుదిరితే దాన్ని సినిమా లెన్స్ అంటాను. కుదరకపోతే అది ఎంత అందంగా కనిపించినా షూటింగ్‌లో గంటలు తినేస్తుంది.

ఎం42 ఎందుకంటే, లెక్క ప్రకారం నాకు అదే సులువు. ప్రతి మౌంట్‌కీ లెన్స్ వెనక అంచు నుంచి సెన్సార్ దాకా ఇంత దూరం ఉండాలని ఒకటుంటుంది, ఫ్లాంజ్ డిస్టెన్స్ అంటారు. ఈఎఫ్‌కి అది 44 మి.మీ., ఎం42కి 45.46, నికాన్ ఎఫ్‌కి 46.5. లెన్స్‌కి కావాల్సిన దూరం కెమెరా దూరం కన్నా ఎక్కువైతే, ఆ తేడా ఎంతుందో అంత మందంలో ఒక లోహపు రింగ్ మధ్యలో పెడితే సరిపోతుంది. తక్కువైతే కుదరదు. కేనన్ ఎఫ్‌డీ లెన్సులంటే నాకు చాలా ఇష్టం, కానీ వాటి దూరం 42. లెన్స్‌ని 2 మి.మీ. కెమెరా లోపలికి తొయ్యలేం కదా. మధ్యలో గాజున్న అడాప్టర్లు దొరుకుతాయి, అవి ఇమేజ్‌ని పాడుచేస్తాయి. లేదంటే మౌంట్ మొత్తం మార్చాలి, అది వేరే ప్రాజెక్టు. పీఎల్ (పెద్ద సినిమా కెమెరాల మౌంట్) కెమెరా అయితే 52 మి.మీ. కాబట్టి 35 మి.మీ. స్టిల్ కెమెరా లెన్స్ దాదాపు ఏదీ ఉత్త రింగుతో ఎక్కదు.

ఇదేదో కొత్త ప్రయోగమేమీ కాదు. 1970ల కేనన్ కె35 సినిమా లెన్సులు అదే కంపెనీ ఎఫ్‌డీ లెన్సులకి దగ్గరి చుట్టాలు. జైస్ సీపీ.2 సెట్‌లో ఉన్నది కూడా ఆ కంపెనీ స్టిల్ లెన్సుల గాజే. బ్రిటన్‌లో టీఎల్ఎస్, అమెరికాలో జీరో ఆప్టిక్, యుక్రెయిన్‌లో ఐరన్‌గ్లాస్ లాంటి వాళ్లు పాత లెన్స్ లోంచి గాజు తీసి, ఫోకస్ మర నుంచి మౌంట్ దాకా అంతా కొత్తగా చేసి అందులో కూర్చోబెడతారు, దాన్ని రీహౌసింగ్ అంటారు. ఆ ఖర్చు నాకు అందేది కాదు. నేను చేసేది దానికన్నా కిందిమెట్టు, సినీ-మాడ్: పాత ఒళ్లు అలాగే ఉంచి పైన గేర్, ముందు రింగు, వెనక గట్టి మౌంట్ వేయడం.

జనవరి చివర

ముందు గ్రీజ్ పని. హీలియోస్ ఫోకస్ రింగు తిప్పితే ఒక చోట జారిపోతుంది, ఇంకో చోట పట్టేస్తుంది. లోపల పాత గ్రీజ్ ఎండి గోధుమరంగు జిగురైపోయింది. చేత్తో ఫొటోలు తీసుకునేటప్పుడు ఇది పెద్దగా తెలియదు గానీ, మోటారు తగిలిస్తే పట్టేసిన చోట లెన్స్ మొత్తం కొంచెం ఊగుతుంది, ఫ్రేమ్ పక్కకి జరిగినట్టు కనిపిస్తుంది.

విప్పడం కష్టం కాదు. ఫోకస్ రింగు చుట్టూ మూడు చిన్న గ్రబ్ స్క్రూలు (తల లేనివి) ఉంటాయి, అవి వదులు చేస్తే పై రింగు వస్తుంది. గాజు అంతా ఒకే దిమ్మలా బయటికి వస్తుంది, దాన్ని పక్కన పెట్టి పైన గిన్నె బోర్లించాలి. అసలు జాగ్రత్త హెలికాయిడ్ (ఫోకస్ కోసం గాజుని ముందుకీ వెనక్కీ జరిపే మర) విడదీసేటప్పుడే. ఈ మరకి ఒకటి కాదు, చాలా మొదళ్లుంటాయి, కాబట్టి విడిపోయిన చోటే మళ్లీ కలపాలి, పక్క మొదట్లో ఎక్కించారంటే ఇన్ఫినిటీ (అన్నిటికన్నా దూరపు ఫోకస్) దొరకదు. విడిపోయే క్షణం దగ్గర రెండు భాగాల మీదా సూదితో గీత గీసి, ఫోన్‌లో ఫొటో కూడా తీసి పెట్టుకున్నాను. పెట్రోల్ లైటర్‌లో పోసే ద్రవంతో గ్రీజ్ కడిగి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, దంతాల బ్రష్‌తో మర గాడులన్నీ తోమాను. ఇత్తడి, అల్యూమినియం రెండూ కొత్తవాటిలా వచ్చాయి.

కొత్త గ్రీజ్ విషయంలో నా అభిప్రాయం గట్టిదే: ఆటోమొబైల్ షాపు గ్రీజ్ వద్దు. ఎండకి దాంట్లోంచి నూనె విడిపోయి ఎపర్చర్ (వెలుగు వచ్చే రంధ్రం) రెక్కల మీదికి పాకుతుంది. హెలికాయిడ్ల కోసమే చేసిన చిక్కటి డాంపింగ్ గ్రీజ్ చిన్న డబ్బా ఖరీదు ఎక్కువ, కానీ వేలి కొసకి అంటినంత చాలు. కొంచెం బరువైన రకమే తీసుకున్నాను. స్టిల్ వాళ్లకి రింగు తేలిగ్గా తిరగాలి, మనకి మెల్లగా, ఒకే బరువుతో తిరగాలి.

మిర్-1బి కూడా దాదాపు ఇదే పద్ధతి. దాని ముందు రింగు మీద 1958 బ్రస్సెల్స్ గ్రాండ్ ప్రి అని చెక్కి ఉంది. ఆ ఏడాది అక్కడ జరిగిన ప్రపంచ ప్రదర్శనలో మిర్-1కి వచ్చిన బహుమతి అది. ఆ తర్వాత తయారుచేసిన వాటి మీద కూడా దర్జాగా చెక్కుతూ పోయారు.

ఫిబ్రవరి

అడాప్టర్లు, అంటే లెన్స్‌కీ కెమెరాకీ మధ్య పెట్టే ఆ లోహపు రింగులు. ఈ ప్రాజెక్టులో ఖరీదు తక్కువ, తలనొప్పి ఎక్కువ ఉన్న వస్తువు ఇదే.

ఎం42 నుంచి ఈఎఫ్‌కి రింగు మందం 1.46 మి.మీ. ఉండాలి. నేను కొన్నవాటిని మైక్రోమీటర్‌తో కొలిస్తే ఒకటి 1.38, ఇంకోటి 1.41. కావాలనే పల్చగా చేస్తారు. పల్చగా ఉంటే లెన్స్ ఇన్ఫినిటీ దాటి ఇంకా తిరుగుతుంది కాబట్టి కొన్నవాడు ఫిర్యాదు చేయడు. స్టిల్ ఫొటోలకి పర్వాలేదు, స్క్రీన్ చూసి ఫోకస్ చేసుకుంటారు. మనకి రింగు మీది అంకెలు నిజం చెప్పాలి.

ఎంత తేడా వస్తుందో లెక్క వేస్తే కళ్లు తిరుగుతాయి. ఫోకల్ లెంగ్త్‌ని దాంతోనే గుణించి, మందంలో తేడాతో భాగించాలి. రింగు 0.1 మి.మీ. ఎక్కువ మందంగా ఉందనుకుందాం. 24 మి.మీ. లెన్స్‌ని ఇన్ఫినిటీ గుర్తు మీద పెడితే అది నిజానికి 5.8 మీటర్ల దగ్గర, అంటే 19 అడుగుల దగ్గర ఫోకస్ అవుతుంది. ఇక దూరం ఏదీ ఎప్పటికీ షార్ప్‌గా రాదు. అదే తేడాకి 58లో దాదాపు 34 మీటర్లు, 135లో 180 మీటర్లు పైనే. అందుకే అడాప్టర్ తప్పయితే వైడ్ లెన్స్ ముందు చచ్చిపోతుంది, టెలీ నవ్వుతూ పనిచేస్తుంది. చాలామంది ఉల్టా అనుకుంటారు.

రాణిగంజ్‌లో బేరింగులు, హార్డ్‌వేర్ అమ్మే గల్లీల్లో తిరిగితే షిమ్ రేకు (సందు పూడ్చే పల్చటి రేకు) దొరికింది, 0.05 మి.మీ. మందం ఇత్తడిది. దాన్ని రింగులా కత్తిరించి అడాప్టర్‌కీ లెన్స్‌కీ మధ్య వేశాను. 1.41 రింగుకి ఒక పొర వేస్తే సరిగ్గా 1.46 వచ్చింది. 1.38 రింగుకి పొర వేస్తే 1.43, మిగిలిన 0.03ని హీలియోస్‌లోనే సర్దాను, గ్రబ్ స్క్రూలు వదులు చేసి స్కేలున్న రింగుని కొంచెం తిప్పి బిగించడమే. ఈ సౌకర్యం ఉన్నందుకు ఆ డిజైన్ చేసినాయనకి దండం పెట్టాలి.

ఇన్ఫినిటీ చూడటానికి కొలిమేటర్ (ఫోకస్ సరిచూసే పరికరం) లేదు. రాత్రి మేడ మీదికెక్కి, చాలా దూరంలో ఉన్న టవర్ మీది ఎర్ర దీపం మీద స్క్రీన్ జూమ్ చేసి చూడటమే. దగ్గరి దూరాలకి గోడ మీద సీమెన్స్ స్టార్ చార్ట్ (నలుపు తెలుపు గీతలు మధ్యకి కలిసే బొమ్మ), టేపు. టేపు కొలత లెన్స్ ముందు నుంచి కాదు, కెమెరా మీద సున్నాకి అడ్డగీత గీసినట్టుండే సెన్సార్ గుర్తు నుంచి.

ఇంకో సంగతి ఎక్కడా చదవలేదు, మోటారు తగిలించాకే తెలిసింది. వైర్‌లెస్ ఫోకస్ మోటారు ఆన్ చేయగానే రెండు చివర్లకీ వెళ్లి గుద్దుకుని కొలత తీసుకుంటుంది. ఎం42 లెన్స్ మరతో బిగించింది కదా, ఆ గుద్దుకి ఒక వైపు బిగుస్తుంది, ఇంకో వైపు ఊడుతుంది! కొంచెం కొంచెంగా లెన్స్ మౌంట్ నుంచి విడివడుతూ ఉంటే ఫోకస్ మార్కులన్నీ గల్లంతు. కాబట్టి ఒక్కో లెన్స్‌కీ ఒక అడాప్టర్ శాశ్వతంగా కేటాయించాను. మరకి ఊదారంగు లాక్‌టైట్ 222, అంటే తక్కువ బలం రకం, ఒక చుక్క. రింగు పక్క నుంచి చిన్న గ్రబ్ స్క్రూలు కూడా. ఇప్పుడవి ఎం42 లెన్సులు అన్న సంగతే మర్చిపోయి ఈఎఫ్ లెన్సుల్లా వాడుకోవచ్చు.

అడాప్టర్ లోపలి గోడ తళతళలాడుతుంటే మ్యాట్ నల్ల రంగు వేయండి, లేదా వెలుగు మింగే ఫ్లాకింగ్ పేపర్ అంటించండి. ఫ్రేమ్ మధ్యలో పాలు ఒలికినట్టు తెల్లటి మచ్చ వస్తే చాలామంది పాత కోటింగ్ అంటారు. నా దాంట్లో సగం అడాప్టర్ మెరుపే.

ఫిబ్రవరి చివర

ఎపర్చర్. ఈ సోవియట్ నాలుగిటినీ ఎంచుకోవడానికి అసలు కారణం ఇదే, ముందే చెప్పాల్సింది. మామూలు స్టిల్ లెన్స్‌లో ఎపర్చర్ రింగు టిక్ టిక్ మంటూ మెట్లు మెట్లుగా తిరుగుతుంది, షాట్ మధ్యలో తిప్పితే వెలుగు గెంతుతుంది. ఈ నాలుగూ ప్రీసెట్ లెన్సులు. రెండు రింగులుంటాయి. ఒకటి టిక్కులతో హద్దు పెడుతుంది, రెండోది టిక్కులు లేకుండా ఆ హద్దు దాకా జారుతుంది. అప్పటి ఫొటోగ్రాఫర్ పూర్తిగా తెరిచి ఫోకస్ చేసుకుని, చూడకుండానే వేలితో హద్దు దాకా మూసేవాడు. మనం హద్దు రింగుని చివరి అంకె దాకా వదిలేస్తే రెండోది పూర్తిగా సినిమా లెన్స్ ఐరిస్ (ఎపర్చర్) రింగే. విప్పే పని లేదు. జూపిటర్-9లో ఏకంగా 15 రెక్కలు, ఎంత మూసినా రంధ్రం గుండ్రంగానే ఉంటుంది.

హీలియోస్ కొనేవాళ్లు ఈ ఒక్కటి చూసుకోండి. 44ఎం-4 లాంటి తర్వాతి మోడళ్లు ప్రీసెట్ కావు, వెనక ఒక పిన్ ఉంటుంది, దాన్ని నొక్కి ఉంచే అంచున్న అడాప్టర్ లేకపోతే రెక్కలు మూసుకోవు.

నికార్ మాత్రం విప్పక తప్పలేదు. వెనక మౌంట్ స్క్రూలు తీస్తే ఎపర్చర్ రింగు వస్తుంది, టిక్కులకి కారణమైన చిన్న ఆకు స్ప్రింగ్ అక్కడే ఉంటుంది. అది తీసేస్తే అయిపోయింది. ఆ స్క్రూలు మన మామూలు ప్లస్ స్క్రూలు కావు, జపాన్ వాళ్ల జేఐఎస్ రకం. మామూలు స్క్రూడ్రైవర్‌తో తిప్పితే తల అరిగిపోయి ఆ తర్వాత డ్రిల్లే గతి. స్ప్రింగ్ తీశాక రింగు మరీ వదులైంది, తగిలితే తిరిగిపోతోంది, కాబట్టి కొంచెం చిక్కటి గ్రీజ్ రాశాను.

మార్చి

గేర్లు, ముందు రింగులు. ఫాలో ఫోకస్ (చేత్తో ఫోకస్ తిప్పే చక్రం), మోటార్ల గేర్లన్నీ 0.8 మాడ్యూల్, అంటే పళ్ల సైజు. నాకు అన్ని లెన్సుల మీదా ఒకే సైజు గేర్ కావాలి, అప్పుడే మోటారు దూరం మార్చే పనుండదు. 100 పళ్లు పెట్టాను, పిచ్ వ్యాసం (రెండు గేర్ల పళ్లు కలిసే చోట కొలత) సరిగ్గా 80 మి.మీ., బయటి వ్యాసం 81.6. లోపలి వ్యాసం మాత్రం ఒక్కో లెన్స్‌కీ వేరు. 3డీ ప్రింట్ చేయించాను. పీఎల్ఏ వద్దన్నాను, 60 డిగ్రీల దగ్గర మెత్తబడే ప్లాస్టిక్ అది. మే నెలలో హైదరాబాద్‌లో తలుపులేసిన కారులో పెట్టి టీకి వెళ్తే గేర్ గుడ్డు ఆకారంలోకి వస్తుంది. వేడిని ఇంకొంచెం తట్టుకునే పీఈటీజీతో చేయించాను. రింగు తిరుగుతూ ముందుకి కూడా జరిగే లెన్సులుంటాయి కాబట్టి పళ్లు వెడల్పుగా పెట్టాలి, లేకపోతే దగ్గరి ఫోకస్‌కి వచ్చేసరికి మోటారు గేర్ నుంచి జారిపోతుంది.

గేర్ మౌంట్ నుంచి ఎంత దూరంలో ఉందన్నది కూడా అన్నిటికీ ఒకటే కావాలి. దానికి అల్యూమినియం తొడుగులు కావాల్సి వచ్చి బాలానగర్ వెళ్లాను. అక్కడ లేత్ మీద పనిచేసే అన్న అంతకుముందు కెమెరా పని చేయలేదు. లెన్స్ చేతికిస్తే అటూ ఇటూ తిప్పి చూసి, "49కి 0.75 పిచ్చా? గింత సన్న మర ఏడ పెడ్తరు సార్, పాలిష్ జేస్తె పోతది" అన్నాడు. కానీ మొదటిసారికే మర సరిగ్గా కోశాడు. నేను గీసిచ్చిన బొమ్మలో లేని ఒక చిన్న వాలు అంచు కూడా పెట్టాడు, తొడుగు ఎక్కించేటప్పుడు లెన్స్ గీసుకోకుండా. ఆ అంచు విలువ తర్వాత తెలిసింది.

ముందు భాగం సులువు. మూడు లెన్సులకి ఫిల్టర్ మర 49, నికార్‌కీ 135కీ 52. స్టెప్-అప్ రింగుతో అన్నిటినీ 77కి తెచ్చి, పైన 80 మి.మీ. రింగు బిగించాను. క్లిప్-ఆన్ మ్యాట్ బాక్స్ ఇప్పుడు ఐదింటికీ పడుతుంది. ఒక్కటే ఇబ్బంది, ఈ లెన్సులు దగ్గరికి ఫోకస్ చేసేకొద్దీ పొడుగవుతాయి. హీలియోస్‌ని అర మీటరుకి తెస్తే దాదాపు 9 మి.మీ. ముందుకొస్తుంది. మ్యాట్ బాక్స్‌ని రాడ్ల మీద పెడితే గుద్దుకుంటుంది, లెన్స్ మీదే క్లిప్ చేయాలి, అదీ తేలికైనదై ఉండాలి.

మార్చి చివర

మా ఫోకస్ పుల్లర్ తమ్ముడు వచ్చి చూశాడు. మొదట అడిగింది: "అన్నా, మీటర్లా? అడుగులు లేవా?" నా దగ్గరున్న కాపీల మీద మీటర్లే ఉన్నాయి. మన సెట్లలో అందరూ అడుగుల్లోనే మాట్లాడతారు. సరే, స్కేలు మీద తెల్ల టేపు అంటించి, చార్ట్‌ని ఒక్కో అడుగు దూరం జరుపుతూ కొత్త మార్కులు వేశాం. ఇదే అన్నిటికన్నా విసుగు పని, ఇదే అన్నిటికన్నా ముఖ్యం. తను పది అడుగులు దాటాక మార్కులు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయని గొణిగాడు, నిజమే. స్టిల్ లెన్స్ దూరాల్లో వేగంగా ఫోకస్ అయ్యేలా చేసింది. సినిమా లెన్స్‌లో రింగు చాలాసేపు తిరుగుతుంది కాబట్టి అంకెల మధ్య చోటుంటుంది. ఈ లోటు గేర్‌తో పూడదు, రీహౌసింగ్‌తోనే పోతుంది. మనం చేయగలిగింది దూరపు షాట్లలో ఎఫ్/4కి మూసుకుని తప్పు తక్కువ కనిపించేలా చూడటం.

నికార్ ఇంకో గొడవ తెచ్చింది. నికాన్ లెన్సుల ఫోకస్ సినిమా లెన్సులకి ఉల్టా తిరుగుతుంది. వైర్‌లెస్ మోటారులో మెనూలోకి వెళ్లి దిశ మార్చొచ్చు, కానీ లెన్స్ మార్చిన ప్రతిసారీ అది గుర్తుండాలి. 24 మీద ఎర్ర టేపు చుట్టాం. ఎర్ర టేపు కనబడితే మెనూ మార్చాలి, అంతే. అయినా 24 లేకుండా కుదరదు. ఈ కెమెరా సెన్సార్ వెడల్పు 23.1 మి.మీ., ఫుల్ ఫ్రేమ్ (35 మి.మీ. స్టిల్ ఫిల్మ్ అంత సెన్సార్) అయితే 36. అంటే అన్నిటినీ దాదాపు 1.56తో గుణించుకోవాలి. 37 కాస్తా 58లా కనిపిస్తుంది, చిన్న గదిలో గోడకి వీపు ఆనించినా ఇద్దరు మనుషులు ఫ్రేమ్‌లో పట్టరు. పాత లెన్సుల సెట్లన్నిటికీ వైడ్ దగ్గరే పేదరికం. 24 కూడా 37లాగే కనిపిస్తుంది గానీ పని నడుస్తుంది.

ఇదే లెక్క హీలియోస్ మీద మోజు పడేవాళ్లకి కూడా చెప్పాలి. గుండ్రంగా తిరిగే బోకే ఫ్రేమ్ మూలల్లో ఉంటుంది. ఫుల్ ఫ్రేమ్‌లో మూల మధ్య నుంచి 21.6 మి.మీ. దూరం, నా సెన్సార్‌లో 13 చిల్లర. ఆ సుడి చాలావరకు సెన్సార్ బయటే పడిపోతుంది. వెనకాల ఆకుల సందుల్లోంచి ఎండ పడుతూ, మనిషి దగ్గరగా ఉంటే కొంచెం కనిపిస్తుంది. సుడి కోసమే కొంటానంటే ఫుల్ ఫ్రేమ్ కెమెరా ఉందో లేదో ముందు చూసుకోండి. నాకైతే సుడి లేకపోవడమే నయం, ప్రతి క్లోజప్‌లోనూ నేపథ్యం గిరగిరా తిరుగుతుంటే కథ ఎవరు చూస్తారు?

ఏప్రిల్

జూపిటర్-9 వంతు. ఇది కాకినాడ నుంచి వచ్చింది, సముద్రం గాలి మేసిన లెన్స్. అమ్మినప్పుడు గాజు క్లీన్ అన్నారు. టార్చ్ వేసి చూస్తే ఒక గాజు అంచున సాలెగూడులా బూజు. హైడ్రోజన్ పెరాక్సైడ్, కొంచెం అమ్మోనియా కలిపి తుడిస్తే పోయింది గానీ కింద కోటింగ్‌ని కొంత తినేసింది. అది ఇక తిరిగి రాదు. ఎదురుగా కిటికీ ఉన్న షాట్‌లో ఎఫ్/2 దగ్గర తెలుపు చుట్టూ పొగ అలుముకుంటుంది, నల్లటి జుట్టు బూడిద రంగులోకి పోతుంది. ఎఫ్/2.8 దగ్గర చాలావరకు సర్దుకుంటుంది. కాబట్టి దాని స్కేలు మీద 2.8 కన్నా ముందున్న భాగాన్ని టేపుతో కప్పేశాను. ఎవరైనా అందమైన గ్లో అంటే అననివ్వండి, పక్క షాట్ హీలియోస్‌తో తీస్తే రెండూ ఎడిటింగ్‌లో కలవవు, నాకదే ముఖ్యం.

లెన్సులన్నీ ఇప్పుడు గట్టి మూత ఉన్న స్టీల్ డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలతో. కోస్తాలో ఉండేవాళ్లకి ఇది తప్పనిసరి.

రంగు. గ్రే కార్డ్ (తటస్థ బూడిద రంగు అట్ట) పెట్టి నికార్‌ని ప్రమాణంగా తీసుకుంటే జూపిటర్-9 బాగా పసుపు, హీలియోస్ కొంచెం వెచ్చన, మిర్ దాదాపు తటస్థం. వైట్ బ్యాలెన్స్ నికార్‌కి 5600 కెల్విన్ దగ్గర సరిపోతే జూపిటర్‌కి 5300 పెట్టాలి. కెమెరా రికార్డ్ చేసేది బ్లాక్‌మ్యాజిక్ రా ఫార్మాట్‌లో కాబట్టి తర్వాత కూడా మార్చొచ్చు, అయినా ప్రతి లెన్స్ మూత లోపల ఆ అంకె రాసి అంటించాను. గ్రేడింగ్ (రంగులు సరిచేయడం) చేసేవాడికి ఫోన్ చేసి వివరించే పని తప్పుతుంది.

ఏప్రిల్ చివర

టీ-స్టాప్‌లు, అంటే లెన్స్ లోంచి నిజంగా బయటికొచ్చే వెలుగు లెక్క. ఎఫ్ అంకె రంధ్రం కొలత మాత్రమే, గాజు ఎంత వెలుగు మింగిందో చెప్పదు. వెలుగులో 80 శాతమే బయటికొస్తే ఎఫ్/2 లెన్స్ నిజానికి టి2.24. ఒక రోజుకి సీపీ.2 50 మి.మీ. టి2.1 అద్దెకు తెచ్చి, ఎల్ఈడీ ప్యానెల్ మీద వేవ్‌ఫామ్ (వెలుగు స్థాయి చూపే గ్రాఫ్) చూసుకుంటూ ఒక్కోదాన్నీ పోల్చాను. హీలియోస్ టి2.3 దగ్గర తేలింది, మిర్ టి3.2. 135 గురించి రాయను, అది టి4కి కూడా వచ్చేలా లేదు, పగటి బయటి షాట్లకే. ఈ అంకెలు దూరంలో ఫోకస్ చేసినప్పుడు మాత్రమే నిజం. అర మీటరు దగ్గర హీలియోస్ పొడుగైనందుకు వెలుగు ఇంకో 0.4 స్టాప్ (ఒక స్టాప్ అంటే వెలుగు సగం) తగ్గుతుంది, ఫ్రేమ్ కూడా 15 శాతం దాకా బిగుస్తుంది. ఫోకస్ లాగుతుంటే జూమ్ అవుతున్నట్టు కనిపిస్తుంది, బ్రీదింగ్ అంటారు. దగ్గర్నుంచి దూరానికి పెద్ద ఫోకస్ పుల్ ఉన్న షాట్లు స్క్రిప్ట్‌లో రెండున్నాయి, అవి మిర్‌తో తీయమని దర్శకుడికి చెప్పాను.

మే

సికింద్రాబాద్‌లో ఒక ఇరానీ హోటల్లో రాత్రి టెస్ట్. ట్యూబ్‌లైట్లు, అద్దాలు, ఆవిరి. మన 50 హెర్ట్జ్ కరెంటులో సెకనుకి 24 ఫ్రేములకి షట్టర్ కోణం 172.8 డిగ్రీలు పెట్టుకోండి, 180లో పాత ట్యూబ్‌లైట్ మినుకుమినుకుమంటుంది. 24 నుంచి 58కి మార్చాం, మోటారు జరపలేదు, మ్యాట్ బాక్స్ క్లిప్ తీసి పెట్టడమే, ఎర్ర టేపు చూసి తమ్ముడు తనే మెనూ మార్చాడు. ఫ్రేమ్ ఒకటి రెండు సార్లు ఊగింది. అది లెన్స్ కాదు, ఈఎఫ్ మౌంట్‌లో ఉండే సహజమైన వదులు, మోటారు దిశ మారినప్పుడు లెన్స్ ఒక వెంట్రుకవాసి తిరుగుతుంది. 15 మి.మీ. రాడ్ల మీద లెన్స్ సపోర్ట్ పెట్టి తొడుగు కింద ఆనిస్తే పోయింది. బాలానగర్ అన్న పెట్టిన వాలు అంచు సరిగ్గా అక్కడే ఆనింది.

ఫుటేజ్ పెద్ద స్క్రీన్ మీద చూశాం. హీలియోస్‌లో ఎఫ్/2.8 దగ్గర ముఖాలు బాగున్నాయి. ట్యూబ్‌లైట్ ఫ్రేమ్‌లోకి వస్తే నీలం చార ఒకటి పడింది, దర్శకుడికి నచ్చింది, నాకు నచ్చలేదు, చూద్దాం. మిర్ నేననుకున్న దానికన్నా మంచి లెన్స్, దీని గురించి ఎవరూ ఎందుకు మాట్లాడరో తెలియదు. జూపిటర్-9ని ఒంటరి క్లోజప్‌లకే వాడతాం. నికార్ మిగతావాటికన్నా షార్ప్‌గా, చల్లగా ఉంది కాబట్టి ముందు 1/8 బ్లాక్ మిస్ట్ (ఇమేజ్‌ని కొంచెం మెత్తబరిచే) ఫిల్టర్ పెట్టి చూడాలి.

మొదటి షెడ్యూల్‌కి నాలుగు లెన్సులు వెళ్తాయి. 135 గేర్ మాత్రం ఇంకా మిగతావాటి వరసలోకి రాలేదు, దాని ఫోకస్ రింగు మౌంట్‌కి మరీ దూరంగా ఉంది. వెనక్కి వచ్చేలా ఇంకో పొడుగు తొడుగు కావాలి. కొలతలు బాలానగర్‌లో ఇచ్చొచ్చాను, వచ్చే సోమవారం తీసుకోమన్నాడు.